ఆసుపత్రి గడప తొక్కకముందే

సంపాదకులకు,

ఆసుపత్రి వెలుపల గుండె ఆగిపోయినవారు బతకడంలో ప్రాంతీయ వ్యత్యాసాలకు పెద్దాసుపత్రుల కొరతే కారణమని గత సంచికలోని వ్యాసం తేల్చడం తొందరపాటు. ఉత్తర అమెరికాలోని పది ప్రాంతాలను పోల్చి 2008లో వెలువడిన అధ్యయనంలో, అత్యవసర సిబ్బంది చికిత్స చేసినవారిలో ప్రాణాలతో డిశ్చార్జి అయినవారు అలబామాలో 3 శాతం కాగా, సియాటిల్‌లో 16.3 శాతం.

గుండె కొట్టుకోక కేవలం అదురుతూ ఉండే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ స్థితిలో, ఛాతీని లయబద్ధంగా నొక్కే సీపీఆర్ గాని, లయను సరిదిద్దే విద్యుత్ షాక్ గాని అందకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది గనుక, అంబులెన్సు వచ్చేలోపు పక్కనున్నవారు ఏం చేశారన్నదే కీలకమవుతుంది. సియాటిల్ 1970ల ఆరంభం నుంచే పౌరులకు సీపీఆర్ నేర్పింది; అత్యవసర నంబరుకు ఫోన్ చేసినవారికి చేతులు ఎక్కడ ఆనించాలో, ఎంత వేగంగా నొక్కాలో అవతలి ఉద్యోగి లెక్కపెడుతూ చెప్పే పద్ధతి అక్కడే, కింగ్ కౌంటీలో, వేళ్లూనుకుంది. డెన్మార్క్‌లో 2001లో 21 శాతంగా ఉన్న పౌరుల సీపీఆర్ 2010 నాటికి 45 శాతానికి చేరగా, ముప్పై రోజులు దాటి బతికినవారు 3.5 నుంచి 10.8 శాతానికి పెరిగారు; అయితే ఆ కాలంలో చికిత్స కూడా మెరుగైంది కాబట్టి ఘనతంతా పౌరులదే అనలేము.

లెక్కించే తీరు మరో చిక్కు. సిబ్బంది వచ్చేసరికే మరణించినవారిని కలిపితే శాతం పడిపోతుంది, షాక్‌కు లొంగే లయ ఉన్నవారినే తీసుకుంటే సియాటిల్ అంకె 40కి చేరువవుతుంది. ఈ గందరగోళాన్ని తగ్గించడానికే 1991లో ఉట్‌స్టైన్ నమూనా అనే ఉమ్మడి నివేదన పద్ధతి వెలువడింది. వ్యాసంలోని పట్టిక మాత్రం ఏ దేశపు శాతాన్ని ఎవరిమీద లెక్కగట్టారో చెప్పనేలేదు.

— ఒక పాఠకుడు, గుంటూరు