మద్దెల కూడా ఓడు కావచ్చు

ఓడిన ఆటగాడు తలొంచుకుని "తప్పంతా నాదే" అంటే మనకు ముచ్చటేస్తుంది. సంస్కారమంటే ఇదీ అని మెచ్చుకుంటాం. కోర్టు గురించో రెఫరీ గురించో ఒక్క మాటన్నాడా, "ఆడలేక మద్దెల ఓడన్నాడట" అని నోరు మూయిస్తాం. స్క్వాష్‌లో ఇది మరీ ఎక్కువ. నాలుగు గోడల మధ్య ఇద్దరే. పక్కన జతగాడు లేడు, గాలీ వానా లేవు. ఇంక నెపం వేయడానికేముంది అంటారు. ఈ మాటతో నాకు పేచీ ఉంది. అంతా నాదే అనేసినవాడు అందులో ఏది తనదో వెతకడు. వినయంగా కనిపించే ఈ మాట విచారణను మధ్యలోనే ముగించేస్తుంది.

మలేసియా నికోల్ డేవిడ్‌నే తీసుకోండి. 2006 నుంచి 2015 దాకా వరుసగా తొమ్మిదేళ్లు ప్రపంచ నంబర్ వన్, ఎనిమిదిసార్లు ప్రపంచ చాంపియన్. 2014 మార్చిలో ప్రపంచ పోటీలు ఆమె సొంతూరు పెనాంగ్‌లోనే జరిగాయి. సెమీఫైనల్లో పద్దెనిమిదేళ్ల ఈజిప్టు అమ్మాయి నూర్ ఎల్ షెర్బినీ చేతిలో ఓడింది. అదే ఏడాది డిసెంబరులో కైరోలో మళ్లీ చాంపియన్ అయింది. ఓటమి నేర్పిన పాఠమని రాసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ ఆ కైరో ఫైనల్ నాలుగో గేములో ఈజిప్టుకే చెందిన రనీమ్ ఎల్ వెలీలీ 10-6తో ముందుంది. చేతిలో నాలుగు మ్యాచ్ బాల్స్. నికోల్ నాలుగింటినీ కాచుకుని 14-12తో ఆ గేము దక్కించుకుని, అయిదో గేములో గట్టెక్కింది. ఆ గుండె నిబ్బరానికి దండం పెట్టాల్సిందే. అయితే ఆ నాలుగింటిలో ఒక్కటి రనీమ్ గెలిచి ఉంటే? అప్పటిదాకా నికోల్ ఆడిన ఆటలో ఒక్క షాటూ మారదు. మనం మాత్రం "పెనాంగ్ తర్వాత కూడా ఏమీ నేర్చుకోలేదు" అని తేల్చేసేవాళ్లం. ఒక్క పాయింటుకు తలకిందులయ్యేది పాఠమెలా అవుతుంది? నన్నడిగితే ఆ రోజు ఎక్కువ నేర్చుకోవలసింది గెలిచినామే. తొమ్మిది నెలలు తిరిగేసరికి నంబర్ వన్ స్థానం రనీమ్‌కే పోయింది.

ఇక మద్దెల సంగతి. ముందు గోడ అడుగున టిన్ అనే పట్టీ ఉంటుంది. బంతి దానికి తగిలితే పాయింటు పోయినట్టే. మహిళల పోటీల్లో 19 అంగుళాలుండే దాని ఎత్తును 2015లో 17కు దించారు. రెండంగుళాలే! ముందు మూలల్లో బంతిని చటుక్కున చంపేసే ఈజిప్టు ఆటకు అది కలిసొచ్చింది. ప్రతి బంతినీ పరుగెత్తి అందుకుంటూ ఎదుటివాళ్లను అలసటతో పడగొట్టే నికోల్‌కు కష్టమైంది. అప్పటికి ఆమెకు 32 ఏళ్లు కూడా. ఈ మాటలు చెబితే సాకులంటారా? టిన్ దించింది ఆమె కాదు. దించాక ముందు మూలకు ఒక అడుగు ముందే ఎలా చేరాలన్నది మాత్రం ఆమె చూసుకోవలసిన పని. రెండూ విడదీయకపోతే ఆ రెండోది కూడా సాగదు.

ఆ విడదీయడం ఆమెకు చిన్న వయసులోనే తెలుసు. 2002లో బుసాన్ ఆసియా క్రీడల ఫైనల్లో హాంకాంగ్ క్రీడాకారిణి రెబెక్కా చియు చేతిలో ఓడింది. మరుసటేడు ఇల్లు వదిలి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి, ఆస్ట్రేలియా మాజీ క్రీడాకారిణి లిజ్ ఇర్వింగ్ దగ్గర శిక్షణలో చేరింది. 2005లో తొలిసారి ప్రపంచ చాంపియన్. తప్పంతా తనదే అనుకునే పిల్లయితే ఉన్నచోటే ఇంకో రెండు గంటలు చెమటోడ్చేది. తనకు కావలసింది అక్కడ లేదని గుర్తించింది కాబట్టే ఖండం దాటింది.

అన్నట్టు, నింద మొత్తం నెత్తిన వేసుకునే ఆటగాళ్లంటే క్రీడాసంఘాలకు ఎక్కడైనా ప్రేమే. ఏ టోర్నీకి ఎవరు పంపారు, గాయమున్నా ఎవరు ఆడించారు అని అడిగేవాళ్లుండరు కదా.

ఇక తర్వాతి తరం. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మలేసియాకే చెందిన శివసంగరి సుబ్రమణియం పందొమ్మిదేళ్లకే నికోల్‌తో అయిదు గేములాడి ఓడింది. 2022లో కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి, 2023లో హాంగ్‌ఝౌలో ఆసియా స్వర్ణం గెలిచింది. 2028 లాస్ ఏంజెలెస్‌లో స్క్వాష్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది. మలేసియాకు ఇంతవరకూ ఒలింపిక్ స్వర్ణం లేదు. ఆ భారమంతా మోసుకెళ్లే మలేసియా అమ్మాయి అక్కడ ఓడితే దేశం క్షమాపణ ఆశిస్తుంది. ఆమె చెప్పనక్కర్లేదు. ఏ గేములో, ఏ మూలలో, ఏ షాటుకు పాయింట్లు పోయాయో ఆమెను అడగండి. నాలుగేళ్ల సన్నాహం ఎలా సాగిందో సంఘాన్ని అడగండి.