స్కాన్‌లో గడ్డ కనబడితే సరిపోతుందా?



మా ఆపాను ఆళ్లగడ్డలో ఇచ్చాం. నలభై రెండేళ్లకే బీపీకి మూడు రకాల గోలీలు వేసుకునేది. అయినా 170 కిందికి దిగేది కాదు. ఊరగాయ మానెయ్యమని, టెన్షన్ పెట్టుకోవద్దని మేమంతా నసీహత్‌లు చెప్పేవాళ్లం. బిడ్డ షాదీ ఫికర్ అని ఒకరు, నజర్ తగిలిందని ఒకరు. తావీజ్ కూడా కట్టించాం. ఒకరోజు వజూ చేసుకుని లేవబోతే కాళ్లు పట్టుదప్పాయి. ఖూన్ పరీక్ష చేయిస్తే పొటాషియం బాగా తక్కువుంది.

నంద్యాలలో డాక్టర్ మొదట అడిగింది ములేఠీ గురించి. అదే, దగ్గుకు మనం నమిలే అతిమధురం. అది ఎక్కువైతే బీపీ పెరుగుతుందట, పొటాషియం పడిపోతుందట. ఆపాకు ఆ అలవాటు లేదు. అప్పుడు ఆల్డోస్టిరాన్, రెనిన్ పరీక్షలు రాశారు. మొదటిది చాలా ఎక్కువ, రెండోది చాలా తక్కువ.

గుర్దాల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులు ఉంటాయి. వాటిలో తయారయ్యే ఆల్డోస్టిరాన్ ఉప్పును ఒంట్లో ఆపుతుంది, పొటాషియాన్ని బయటికి పంపుతుంది. అది హద్దు మీరితే బీపీ మామూలు గోలీలకు లొంగదు. 1955లో అమెరికా డాక్టర్ జెరోమ్ కాన్ ఈ జబ్బును వివరించాడు. ఎక్కువగా కారణాలు రెండు. ఒక గ్రంథిలో గడ్డ ఉండటం, లేదా రెండు గ్రంథులూ కలిసి ఎక్కువ తయారు చేయడం. మొదటిదానికి ఆ గ్రంథిని తీసేస్తారు. రెండోదానికి స్పైరనోలాక్టోన్ లాంటి గోలీలే ఇలాజ్.

ఆపా స్కాన్‌లో ఎడమవైపు చిన్న గడ్డ కనబడింది. వేరే ఒకచోట చూపిస్తే వెంటనే తీయించుకోమన్నారు. దుల్హాభాయ్ అప్పుకు కూడా సిద్ధమయ్యాడు. నంద్యాల డాక్టర్ మాత్రం ఆపారు. "గడ్డ ఉందని స్కాన్ చెబుతుంది. తప్పు దానిదేనని చెప్పదు" అన్నారు. వయసుతో పాటు ఏ పనీ చేయని గడ్డలు చాలామందిలో వస్తాయట.

తేల్చే పరీక్ష పేరు అడ్రినల్ వెయిన్ శాంప్లింగ్. గజ్జల్లోని సిర గుండా సన్నని గొట్టం పంపి, రెండు గ్రంథుల సిరల నుంచీ విడివిడిగా ఖూన్ తీస్తారు. గొట్టం సరైన చోటే ఉందా అనేది కార్టిసాల్ లెక్క చూసి తెలుసుకుంటారు. కుడివైపు సిర పొట్టిది, నేరుగా పెద్ద సిరలో కలుస్తుంది. దాన్ని పట్టుకోవడానికి అలవాటైన చెయ్యి కావాలి. అందుకే మేం హైదరాబాద్ వెళ్లాం.

"గొట్టాలెందుకు, మళ్లీ ఈ ఖర్చెందుకు?" అని దుల్హాభాయ్ కోపం. నేనన్నాను: "మీ ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పెట్టేముందు రాయిని తట్టి చూస్తారు కదా భాయ్, ఇది మనిషి ఒళ్లు."

నా మాట ఉత్తదే కాదు. 2009లో 950 మంది రోగుల లెక్కలు కలిపి చూస్తే, వందకు దాదాపు 38 మందిలో స్కాన్ ఒకటి చెప్పింది, ఈ పరీక్ష ఇంకొకటి చెప్పింది. ఇన్సాఫ్‌గా రెండో మాట కూడా చెప్పాలి. 2016లో వచ్చిన ఒక యూరప్ అధ్యయనంలో, స్కాన్‌ను నమ్మినవారికీ ఈ పరీక్షను నమ్మినవారికీ ఏడాది తర్వాత గోలీల అవసరం దాదాపు ఒకటే. వయసులో చిన్నవాళ్లకు జబ్బు గుర్తులు స్పష్టంగా ఉంటే ఇది లేకుండానే ఆపరేషన్ చేయొచ్చంటారు. అంటే అందరికీ ఫర్జ్ కాదు. కానీ అడగడం మన హఖ్.

ఆపాకు రెండు వైపులా సమానంగా వచ్చింది. ఎడమ గ్రంథి తీసేసి ఉంటే ఒక అవయవం పోయేది, బీపీ మాత్రం మిగిలేది. ఇప్పుడు గోలీలు మార్చారు. అల్‌హమ్దులిల్లాహ్, బీపీ 130 దగ్గర ఉంది.

మన ఇళ్లలో ఆడవాళ్ల బీపీని "టెన్షన్" అని కొట్టిపారేస్తాం. మూడు గోలీలకూ తగ్గకపోయినా, చిన్న వయసులో వచ్చినా, పొటాషియం తగ్గినా ఆల్డోస్టిరాన్, రెనిన్ పరీక్ష గురించి అడగండి. పొటాషియం మామూలుగా ఉన్నా ఈ జబ్బు ఉండొచ్చు. 2025లో అంతర్జాతీయ ఎండోక్రైన్ సొసైటీ అయితే బీపీ ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయమని సూచించింది. గోలీలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఆపరేషన్ అంటే, "రెండు సిరల ఖూన్ చూశారా?" అని అదబ్‌గా అడగండి.

దువా చేద్దాం, దవా కూడా సరైనదే వేసుకుందాం. ఖుదా హాఫిజ్.