కువైత్ కడలిమాటలు, కడప కపిలమాటలు

గ్రంథాలయమనగా ముద్రిత పుస్తకముల నిలయమనియు, గ్రంథపాలకుడనగా వానిని వరుసగా పేర్చి అడిగినవారికిచ్చి గడువులోపల తిరిగి పుచ్చుకొనువాడనియు మనలో చాలమంది తలపు. పుస్తకమునకెక్కని మాటను ముసలివారి నోటినుండి గ్రహించి భద్రపరచుటయు గ్రంథపాలకుని పనియే యని, ఆ పనికి ఆ మాట పలుకు జాతివాడే పూనుకొనవలెనని నా దృఢవిశ్వాసము. ఇందుకు మన తెలుగువారు వేలసంఖ్యలో బ్రతుకుదెరువుకై చేరిన కువైత్ దేశమే నిదర్శనము.

1938లో బుర్గాన్ నేలలో చమురు పడి, 1946లో దాని ఎగుమతి మొదలైన పిమ్మట ఆ దేశపు జీవనము ఒక్క తరములో మారిపోయెను. అంతకు పూర్వము ఆ ప్రజకు సముద్రమే పొలము. వేసవిలో ముత్యాలవేట, తక్కిన కాలమున మలబారు తీరమునకును తూర్పు ఆఫ్రికాకును సరకుల రవాణా. ముత్యాలపడవ నాయకుడు నౌఖదా, మునుగువాడు గైస్, వాని త్రాడు పట్టి పైన నిలుచువాడు సైబ్, పాటతో అందరి చేతులను ఒక్క లయకు తెచ్చువాడు నహ్హామ్. ఫ్తామ్ అను చిన్న పట్టుతో ముక్కు బిగించుకొని, దీయిన్ అను అల్లికసంచి మెడకు తగిలించుకొని, కాలికి రాతిబరువుతో అడుగునకు దిగిన గైస్ ఊపిరి చాలనప్పుడు త్రాడు గుంజును. పైనున్న సైబ్ ఆ క్షణమున పరాకుగా నుండెనా, ప్రాణము దక్కుట కష్టము. జపాను పెంపుడు ముత్యములు 1930 ప్రాంతముల ఈ వృత్తిని కుంగదీయగా, చమురు దానిని పూర్తిగా మూలబెట్టెను. పని పోయిన పిమ్మట దాని మాటలు ఎవరి నోట నిలుచును?

నిలిపినవారు ఆ నేలబిడ్డలే. అహ్మద్ అల్-బిషర్ అల్-రూమీ కువైత్ నావికుల పదములను నిఘంటువుగా కూర్చెను. సఫ్వత్ కమాల్‌తో కలసి అక్కడి సామెతలను సంపుటములుగా సిద్ధపరచెను. ముత్యాలవర్తకుని మనుమడైన సైఫ్ మర్జూఖ్ అల్-షమ్లాన్ వృద్ధులను కువైత్ టెలివిజనులో కూర్చుండబెట్టి పాతకాలపు ముచ్చట్లు చెప్పించి, ముత్యాలవేట చరిత్రను గ్రంథస్థము చేసెను. వీరెవ్వరును గ్రంథాలయోద్యోగులుగా పేరొందినవారు కారు. అయినను గ్రంథాలయము చేయవలసిన మూలకార్యము చేసినవారు వీరే.

1990 ఆగస్టులో ఇరాకు సేనలు చొరబడి దేశమును ఆక్రమించియున్న కాలమున జాతీయ ప్రదర్శనశాల దోపిడికి గురియై దగ్ధమయ్యెను. 1923లో పుట్టిన ప్రజాగ్రంథాలయమునకు వారసురాలైన జాతీయ గ్రంథాలయపు పుస్తకములు కొల్లవోయెను. వానిలో కొన్ని దాదాపు మూడు దశాబ్దముల పిమ్మటగాని తిరిగిరాలేదు. తారిక్ రజబ్ ప్రదర్శనశాలవారు మాత్రము నేలమాళిగ ద్వారమునకు ఇటుకగోడ కట్టి, మెట్లమీద చెత్త పోసి తమ నిధిని దక్కించుకొనిరి. వస్తువునకు ఇట్టి గోడ కట్టవచ్చును. మాటకు ఏ గోడ కట్టగలము?

ఇక మనవైపు చూతము. కువైత్‌లో కష్టించు తెలుగువారిలో రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతములవారు అనేకులు. వారి కడపలోనే ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ పండితులకు జీతమిచ్చి తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. ఆయన బంగళా ఉండిన స్థలముననే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుదలతో బ్రౌన్ పేర గ్రంథాలయమును నిలబెట్టిరి. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయము క్రింద నున్నది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల వాడుకనుండి సేకరించి వెలువరించిన వ్యవసాయ వృత్తిపదకోశము, 1971లో వెలువడిన చేనేత పదకోశము మనకు గర్వకారణములు. అయినను అవి పునాదులే. ఇల్లు ఇంకను కట్టవలసియున్నది. ఎద్దులతో బావినీరు తోడు కపిల తోలిన తాతలు నేటికిని కొందరున్నారు. బానకు తోలుతొండము తగిలించుట, మోకు గిలకమీద నడుచుట, ఎద్దులు వెనుకకు నడచునప్పటి పిలుపు, ముందుకు దిగునప్పటి పాట, ఇవన్నియు వారికి కంఠస్థము. కరెంటు మోటార్లు వచ్చిన పిమ్మట వానిని అడిగి వ్రాసికొనువారు అరుదు.

మరియొక నిధి కలదు. ఫోనుమాట ఖరీదైన రోజులలో కువైత్‌నుండి ఇంటికి క్యాసెట్టులలో మాటలు నింపి పంపుకొనిరి. అకామా (నివాసానుమతి) బెంగలు, వంటింట విని నేర్చిన అరబ్బీ, బిడ్డ పెండ్లిఖర్చు, ఊరిబావిలో నీటి సంగతి, అన్నియు ఆ కంఠములలోనే యున్నవి. అటకలమీద మిగిలినవాని టేపు బూజుపట్టుచున్నది. ఈ గొంతులు చరిత్రపత్రములు కావని ఎవరనగలరు?

కావున కువైత్‌లోని తెలుగు సంఘములు ఉగాది సంబరములకై పోగుచేయు చందాలో కొంత ఈ పనికి వేరుచేయవలెను. సెలవుపై ఊరికి వచ్చువారు తమ ఇంటి వృద్ధునితో ఒక పూట కూర్చుండి, సెల్‌ఫోనులోనే ఆయన పనిమాటలను పట్టి తేవలెను. బ్రౌన్ గ్రంథాలయము ఆ గొంతులను, క్యాసెట్టులను స్వీకరించి, నకళ్లు తీసి, ఊరిపేరు, వృత్తి, వయస్సు వ్రాసి పట్టిక వేయుటకు ఒక గ్రంథపాలకుని ప్రత్యేకముగా నియమింపవలెను. అతడు ఆ పల్లెలలో పెరిగినవాడై, ఆ యాస విని వెంటనే గుర్తుపట్టగలవాడై యుండవలెను.