మా పెరటి ఇప్పచెట్టు

ఇల్లందులో మాదే పాత ఇల్లని చెప్పుకోవడం మాకు తాతల నాటి అలవాటు. బొగ్గుబాయి తెరిచిన తొలి ఏళ్లలో మా ముత్తాత నల్లగొండ వైపు నుంచి, కరువుకు తాళలేక వచ్చి తట్ట ఎత్తాడు. కొన్నాళ్లు కూలీల ధౌడలో తలదాచుకుని, తర్వాత మట్టి గోడలు లేపి, గూనపెంకు కప్పి ఇక్కడే ఇల్లు కట్టాడు. "మనం వచ్చేనాటికి ఇక్కడ అడవి తప్ప ఏమీ లేదురా" అనేవాడు తాత. నాన్నా అదే అన్నాడు. మా ఇంటికి వియ్యమందుకోను వచ్చినవాళ్లకు నేనూ అదే చెప్పాను. మా వీధిలో ఏ గడప తొక్కినా ఇదే మాట వినిపిస్తుంది.

ఆ మాట అబద్ధం. నాలుగు తరాలుగా, వీధి వీధంతా కలిసి చెప్పిన అబద్ధం.

ఊరు పుట్టుక కథ మాలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. భద్రాచలం నడిచిపోయే భక్తులు ఇక్కడ దిగి వంటకు పొయ్యి పెడితే, కింది రాళ్లే రాజుకున్నాయంటారు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ వచ్చి బొగ్గుందని తేల్చాడు. 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టి తవ్వుకునే హక్కు తీసుకుంది, 1889లో బొగ్గు పైకి రావడం మొదలైంది. ఆ బొగ్గు కోసమే డోర్నకల్ నుంచి రైలు పట్టాలు పడ్డాయి. 1920లో సింగరేణి పేరుతో కంపెనీ ఏర్పడింది. బడిలో చదువు చెప్పే రోజుల్లో ఈ కథను నేను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. దారిన పోయే భక్తులకు అందులో చోటుంది. సముద్రం దాటి వచ్చిన దొరలకూ, పొట్ట చేతపట్టుకుని వచ్చిన మా ముత్తాతలకూ చోటుంది. అక్కడే పుట్టి, పోడు కొట్టుకుని బతుకుతున్న కోయలకు మాత్రం లేదు. ఆ నల్లరాయిని వాళ్లు ఏమని పిలిచేవాళ్లో నేను ఏ పిల్లవాడికీ చెప్పలేదు. నేనే ఎవరినీ అడగలేదు గనక.

అడగడానికి మనిషి లేక కాదు. నా చిన్నతనంలో ప్రతి ఎండాకాలం ఒక కోయ అవ్వ ఇప్పపువ్వు, అడ్డాకులు తెచ్చేది. నేరుగా ఇంట్లోకి వచ్చేది కాదు. పెరట్లో పెద్ద ఇప్పచెట్టు ఉండేది. ముందు దాని మొదట్లో గంప దించి, రెండు చేతులూ బెరడుకు ఆనించి, కాసేపు కళ్లు మూసుకుని నిలబడేది. ఆ తర్వాతే "అమ్మా" అని పిలిచేది. నాయనమ్మ గంజి పోసేది, ఆకులకు బేరమాడేది. ఆ చెట్టు దగ్గర ఎందుకు ఆగుతావని మా ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. ఆమె పేరు కూడా అడగలేదు. మాకు ఆమె ఇప్పపూల ముసలమ్మ, అంతే. ఎన్ని వేసవులు వచ్చిందో తలుచుకుంటే నాకిప్పుడు తల ఎత్తబుద్ధి కాదు.

పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేసినప్పుడు ఆ చెట్టును కొట్టించాం. గదికి అడ్డం వస్తోందని మేస్త్రి అన్నాడు. నాన్న నావైపు చూశాడు, నేను సరేనన్నాను. మరుసటి వేసవిలో ఆమె వచ్చింది. కొత్త గోడ ముందు గంప తలమీద పెట్టుకునే నిలబడి, ఎవరినీ పిలవకుండా వెనుదిరిగింది. మళ్లీ రాలేదు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం ఉంది. మా వీధి అరుగుల మీద దాని గురించి మాట్లాడినంతగా మరి దేని గురించీ మాట్లాడుకోలేదు. పట్టాలు రావడం లేదని, అమ్ముకోలేకపోతున్నామని ఒకటే బాధ. అలాంటి చట్టం ఎందుకు అవసరమైందన్న ప్రశ్న ఆ అరుగుల మీదికి రాలేదు, నేనూ తేలేదు. ఇప్పుడు మా పక్కన కోయగూడెం ఓపెన్‌కాస్టు ఉంది. డ్యూటీ ఎక్కడంటే కోయగూడెమంటాం. ఆ పేరు రోజూ పలుకుతూనే, అందులో ఎవరున్నారో వినకుండా బతికాం.

తాత ట్రంకుపెట్టెలో నిజాం కాలపు ఉర్దూ కాగితం ఒకటుండేది. ఇంటి కాగితమని అందరికీ తెలుసు. నాన్న దాన్ని చదివించలేదు, నేనూ చదివించలేదు. చదివిస్తే ఏం బయటపడుతుందోనన్న భయం. ఆ భయమే మాకు ఎంతో కొంత తెలుసుననడానికి సాక్ష్యం. నాన్న పోయాక, నిరుడు, ఖమ్మంలో ఒక ఉర్దూ మాస్టారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని హద్దులు ఒక్కొక్కటే చదివారు. పడమర బండ్ల బాట. ఉత్తరం వాగు. దక్షిణం మరో కూలీ ఇల్లు.

తూర్పు హద్దు దగ్గర ఆయన కాస్త ఆగి, మళ్లీ చదివారు. కోయల ఇప్పచెట్టు.

ఆ చెట్టు మా పెరటి నడిమధ్యన ఉండేది. దానికి అవతల మా బావి ఉంది, పశువుల కొట్టం ఉండేది, ఇప్పుడు నా కొడుకు గది ఉంది.