కుతుబ్ మినార్ మెట్లకు తాళం వేశాం, మరి మిగిలిన మెట్ల సంగతి?

“చిన్నమ్మా, చార్మినార్ ఎక్కినం కదా, దీన్నెందుకు ఎక్కనియ్యరు?”

సెలవులకు కరీంనగర్ నుంచి ఢిల్లీ వచ్చిన మా అక్క కూతురు కుతుబ్ మినార్ అడుగున నిలబడి అడిగిన ప్రశ్న ఇది. దానికి పదకొండేళ్లు. ఎత్తు 72.5 మీటర్లనీ, లోపల 379 మెట్లున్నాయనీ పక్కనే ఒక గైడు ఎవరికో హిందీలో చెబుతున్నాడు. అన్ని మెట్లుండీ ఎక్కనివ్వకపోవడం దానికి అన్యాయంగా తోచింది. “పాత కట్టడం కదా, అందుకే” అని మా అక్క సర్దిచెప్పింది.

అసలు కారణం అది కాదు. 1981 డిసెంబరు 4న ఆ మెట్ల మీద 45 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది బడిపిల్లలు. ఆ రోజు నుంచి సందర్శకులకు ఆ తలుపు తెరుచుకోలేదు. పిల్లతో ఈ మాట అప్పుడు చెప్పలేదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే, ఆ తాళం వెనక ఉన్నది ఒక్క కుతుబ్ మినార్ కథే కాదు.

ఆ శుక్రవారం ఏం జరిగింది?

కుతుబ్ మినార్ అడుగున వ్యాసం 14 మీటర్ల పైచిలుకు. పైకి వెళ్లేకొద్దీ సన్నబడి చివర మూడు మీటర్లు కూడా ఉండదు. లోపల ఉన్నది గుండ్రంగా తిరిగే ఇరుకు రాతిమెట్ల దారి. 1963లో వచ్చిన దేవానంద్ సినిమా ‘తేరే ఘర్ కే సామ్‌నే’లో ఈ మెట్ల మీద సాగే పాట చాలామందికి గుర్తుండే ఉంటుంది. లోపల కెమెరా పట్టే చోటు లేకపోవడంతో దాన్ని సెట్ వేసి తీశారని చెబుతారు. అంత ఇరుకు దారిలో ఆ శుక్రవారం నాడు మూడు నాలుగు వందల మంది ఉండగా దీపాలు ఆరిపోయాయి. చీకట్లో అందరూ ఒక్కసారిగా కిందికి పరుగెత్తారు.

గుండ్రటి మెట్ల మీద వెనకవాళ్లకు ముందువాళ్లు కనిపించరు. కింద ఒకరు పడిపోయిన సంగతి పైనున్నవారికి తెలియదు. వాళ్లు నెడుతూనే ఉంటారు. మనం తొక్కిసలాట అంటాం గానీ, ఇలాంటి ఘటనల్లో చాలామంది చనిపోయేది కాళ్ల కింద పడి కాదు, ఛాతీ మీద ఒత్తిడికి ఊపిరాడక. చదరపు మీటరు చోటులో ఐదుగురికి మించి చేరితే ప్రమాదం మొదలైనట్టేనని జనసమూహాల మీద పనిచేసే నిపుణులు అంటారు. ఆ స్థితిలో మనిషి తాను అనుకున్న వైపు కదల్లేడు, జనం ఎటు నెడితే అటు పోతాడు. అప్పుడు “జనం క్రమశిక్షణ తప్పారు” అనడంలో అర్థం లేదు. లోపలికి ఎంతమందిని వదలాలి, కరెంటు పోతే ఏం చేయాలి, ఎక్కేవారికీ దిగేవారికీ ఒకటే దారి ఉండవచ్చా అన్నవి అక్కడికి వచ్చిన పిల్లలు తేల్చుకోవలసిన విషయాలు కావు.

తాళం ఒక్కటే పాఠమా?

మినార్‌ను మూసేయడం తప్పని నేననడం లేదు. ఎనిమిది వందల ఏళ్ల నాటి కట్టడం అది. 1368లో పిడుగు పడి పైఅంతస్తు దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ బాగు చేయించాడు. 1803 భూకంపంలో మళ్లీ దెబ్బతింది. మరమ్మతులు చేసిన బ్రిటిష్ ఇంజినీరు మేజర్ రాబర్ట్ స్మిత్ పైన తన సొంత గోపురమొకటి తగిలించాడు. అది అతకలేదని 1848లో దించేశారు. అది ఇప్పటికీ పచ్చిక మీదే ఉంది, వచ్చినవాళ్లు దాని ముందు ఫొటోలు దిగుతారు. స్మిత్ చేసిన పొరపాటు అలా అందరి కళ్ల ముందూ ఉంది. 1981 నాటి పొరపాటు గురించి చెప్పే బోర్డు మాత్రం మేం తిరిగిన రెండు గంటల్లో ఒక్కటీ నా కంటబడలేదు.

పీసా వాలుగోపురం విషయంలో ఏం చేశారో చూడండి. 1989లో ఇటలీలోనే పావియా నగరంలో ఒక పాత గోపురం కూలి నలుగురు చనిపోయారు. ఆ భయంతో 1990 జనవరిలో పీసా గోపురాన్ని మూసేశారు. దాదాపు పన్నెండేళ్లు పనిచేసి వంపును కొంత తగ్గించి, 2001 డిసెంబరులో మళ్లీ తెరిచారు. ఇప్పుడు టికెట్ మీద వేళ ఉంటుంది, ఒక్కో విడతకు ఇంతమందే అన్న లెక్క ఉంటుంది. సంచులు కిందే వదలాలి. ఎనిమిదేళ్లలోపు పిల్లలను ఎక్కనివ్వరు. మూసిన కాలాన్ని వాళ్లు పనికి వాడుకున్నారు.

మనకు చేతకాదా అంటే అదీ కాదు. తాజ్‌మహల్‌లో 2018లో సందర్శనకు మూడు గంటల పరిమితి పెట్టారు. అదే ఏడాది డిసెంబరు నుంచి ప్రధాన సమాధి మందిరంలోకి వెళ్లడానికి వేరుగా రూ.200 టికెట్ వసూలు చేస్తున్నారు. ధర గురించి వాదించవచ్చు. కానీ జనాన్ని లెక్కబెట్టి, విడతలుగా పంపవచ్చన్న ఆలోచన మన పురావస్తు శాఖకు ఉందని అది రుజువు చేస్తోంది.

మూయలేని మెట్లు

మినార్‌ను మూయవచ్చు, ఎందుకంటే అది ఎక్కకపోతే ఎవరి బతుకూ ఆగదు. రైల్వే స్టేషన్‌ను, గుడిని, పుష్కర ఘాట్‌ను అలా మూయలేం. చావులు అక్కడ ఆగడం లేదు.

2015 జులై 14న రాజమండ్రిలో గోదావరి పుష్కరాల తొలిరోజే 27 మంది చనిపోయారు. 2017 సెప్టెంబరులో ముంబై ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ పాదచారుల వంతెన మెట్ల మీద 23 మంది. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవారిలో ఆరుగురు. ఫిబ్రవరి 15 రాత్రి న్యూఢిల్లీ స్టేషన్‌లో 14, 15 ప్లాట్‌ఫారాల వైపు మెట్ల దగ్గర 18 మంది. జూన్ 4న బెంగళూరులో స్టేడియం బయట 11 మంది. నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ గుడిలో 9 మంది. అక్కడా ప్రమాదం జరిగింది మెట్ల దగ్గరే.

ప్రతిసారీ అవే దృశ్యాలు. ఎక్స్‌గ్రేషియా ప్రకటన, విచారణకు ఆదేశం, కొందరు అధికారుల బదిలీ లేదా సస్పెన్షన్. కొన్ని వారాల తర్వాత అంతా మామూలే. జనం గుమిగూడే చోట్ల ఏం చేయాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే మార్గదర్శకాలు ప్రచురించింది. చోటుకు ఎంతమంది పడతారో ముందే లెక్కగట్టడం, రాకపోకలకు వేరు దారులు, ఎవరి బాధ్యత ఏమిటో రాతపూర్వకంగా ఉండటం, అన్నీ అందులో ఉన్నాయి. కానీ అవి మార్గదర్శకాలు మాత్రమే. పాటించకపోతే ఎవరు జవాబు చెప్పాలో తేల్చే పదును వాటికి లేదు.

న్యూఢిల్లీ ఘటన తర్వాత రద్దీ ఎక్కువుండే 60 స్టేషన్ల బయట ప్రయాణికులు ఆగే ప్రాంగణాలు కడతామనీ, రైలు వచ్చాకే ప్లాట్‌ఫారం మీదికి పంపుతామనీ రైల్వే ప్రకటించింది. సరైన దారి ఇదే. అయితే అది పండుగ రద్దీకే పరిమితమవుతుందా, రోజువారీ అలవాటుగా మారుతుందా అన్నదే చూడాలి. ఏ చోటుకైనా మనం అడగాల్సినవి మూడే ప్రశ్నలు. ఇక్కడ ఎంతమంది పడతారు? ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? ఆ సంఖ్య దాటినప్పుడు గేటు ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఈ మూడింటికీ జవాబు లేని చోట విచారణ కమిషన్ వేసినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

రెండు రోజుల తర్వాత అక్కావాళ్లను తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి న్యూఢిల్లీ స్టేషన్‌కు వెళ్లాం. వంతెన దిగే మెట్ల మీద రెండు రైళ్ల జనం ఎదురెదురయ్యారు. తలల మీద మూటలు, చంకల్లో పిల్లలు, చక్రాల సూట్‌కేసులు. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “మెల్లగ దిగు చిన్నమ్మా” అంది. ఆ మెట్ల మీద ఆ పూట ఎంతమంది ఉండవచ్చో లెక్క చూస్తున్న మనిషి ఎవరైనా ఉన్నారా అని చుట్టూ చూశాను. నాకు ఎవరూ కనిపించలేదు.