నాలుగెకరాల వెంచరే కదా అని ఊరుకుందామా?

హైదరాబాదుకు అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లలో కూడా ఇప్పుడు పొలాల నడుమ రంగు జెండాలు, సున్నం కొట్టిన హద్దురాళ్లు కనబడుతున్నాయి. వందల ఎకరాల వెంచరైతే పత్రికల్లో వస్తుంది, పెద్ద ఆఫీసర్లు చూస్తారు. నాలుగెకరాల వెంచరు ఎవరి కంటికీ ఆనదు. ఈ మధ్య ఒక ఊళ్లో ఇలాంటి చిన్న వెంచరు మీద కూలీలు గ్రామసభలో అడిగితే, ఒక పెద్దమనిషి లేచి, "పట్టా ఆయనది, పైస ఆయనది. నడుమ మీ లొల్లేందే?" అన్నాడు. ఈ మాటకు జవాబు చెప్పుకోకుండా మనం ముందుకు పోలేం.

ముందు లెక్క చూద్దాం. ఎకరానికి 4,840 గజాలు. నాలుగెకరాలంటే 19,360 గజాలు. ఎకరం నాటుకు పదిమంది ఆడకూలీలని వేసుకున్నా, రెండు పంటలకు నాటు ఒక్కదానికే ఎనభై కూలిదినాలు. కోత మిషన్లు వచ్చి కోతపని ఏనాడో పోయింది. మిగిలిన నాటు, కలుపు కూడా హద్దురాళ్లు పాతిన రోజే పోతాయి. ఒడ్డు మీది గడ్డి పోతుంది, మేకలు మేసే జాగా పోతుంది. పట్టాదారుకు ధర ముడుతుంది. పని పోయిన కూలీ పేరు మాత్రం ఏ కాగితం మీదా ఉండదు.

చట్టం ఏమంటోంది? సాగుభూమిని ఇళ్ల స్థలాలుగా మార్చాలంటే 2006 నాటి భూమార్పిడి చట్టం కింద రుసుము కట్టి అనుమతి తీసుకోవాలి. లేఅవుట్‌కు పంచాయతీ ఒక్కటే ముద్ర వేస్తే చెల్లదు. పట్టణ ప్రణాళికా శాఖో, ఆ ప్రాంతపు అభివృద్ధి సంస్థో నక్షాను పరిశీలించి ఆమోదించాలి. రోడ్లు, మోరీలు వేయాలి. పదోవంతు జాగాను ఖాళీ స్థలంగా వదిలి పంచాయతీ పేర రాసివ్వాలి. మన నాలుగెకరాల్లో అది 1,936 గజాలు. అంటే ఊరికి ఉమ్మడి ఆస్తి.

కాగితం మీద ఇంతా బాగానే ఉంది. చిక్కు పొలంలో ఉంది. నక్షా గీసినవాడు ఆఫీసులో గీస్తాడు. ఎండాకాలం ఎండిపోయి కనబడే కాలువ వానాకాలం కుంటకు నీళ్లు తెచ్చేదని అతనికి తెలియదు. పొలాల నుంచి వచ్చే బండ్ల బాట, వాడ నుంచి శ్మశానానికి పోయే తోవ చాలాచోట్ల నక్షాలో ఉండవు, జనం కాళ్ల కింద ఉంటాయి. అవి ఎక్కడున్నాయో చెప్పగలిగింది రోజూ ఆ తోవన నడిచే కూలీయే. కానీ పరిశీలనలో అతణ్ణి అడిగేవాడు లేడు. ప్రహరీ లేచాక తోవ మూసుకుపోయిందని మనం మొత్తుకుంటే, "అప్పుడే చెప్పాల్సింది" అంటారు.

అనుమతి లేకుండా అమ్మేసినవాళ్లకు ఏమైంది? 2020 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం అక్రమ లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ప్రకటిస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 2025లో రుసుములో 25 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు. ఖాళీ స్థలం వదలని చోట, దానికి బదులు ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. కట్టేదెవరు? రెక్కలు ముక్కలు చేసుకొని వంద గజాలు కొనుక్కున్న చిన్న ఉద్యోగి, మేస్త్రీ, డ్రైవరు. బడికీ, అంగన్వాడీకీ ఉండాల్సిన జాగా కూడా కలిపి అమ్ముకున్నవాడు ఎప్పుడో పక్క మండలానికి పోయాడు. పైసలు ఖజానాకు చేరతాయి గాని, పోయిన జాగా ఊరికి తిరిగి రాదు.

ఇంకో సంగతి. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు మన పంచాయతీల్లో సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఊరి తరఫున అడిగే మనిషి లేని కాలం అది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త పాలకవర్గాలు వచ్చాయి. ఆ రెండేళ్లలో ఏ సర్వే నంబరులో ఏ కాగితం కదిలిందో బయటపెట్టమని వాళ్లను అడగాలి.

అప్పుల పాలై రెండెకరాలు అమ్ముకునే చిన్న రైతు మీద మన కోపం కాదు. గిట్టుబాటు ధర లేక అమ్ముకుంటున్నాడు, అతనూ మనవాడే. ఇళ్లు కట్టొద్దనీ మనం అనడం లేదు. ఒక గదిలో రెండు కాపురాలు చేస్తున్న మన వాడల కంటే ఇంటిజాగా ఎవరికి ఎక్కువ అవసరం? అయితే వెంచరులో ప్లాటు కూలీ కొనలేడు. అతనికి ఇచ్చిన అసైన్డు భూమిని అమ్మరాదు, కొనరాదు అని 1977 చట్టం చెబుతున్నా, ఆ భూమి కూడా పక్క వెంచరులో కలిసిపోతోంది. ఇది మన కళ్లముందు జరుగుతున్నదే.

కాబట్టి ఊళ్లో హద్దురాళ్లు కనబడగానే కదలాలి. పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పదిమంది కలిసి పోండి. ఆమోదం పొందిన నక్షా చూపమనండి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. అందులో అసైన్డు, ఇనాం, శిఖం భూమి ఉందా? కాలువ, బాట ఎటు పోతున్నాయి? ఖాళీ స్థలం పంచాయతీ పేర రిజిస్టరయిందా? ఈ మూడూ గ్రామసభలో అడిగి, జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించండి. రాసేదాకా సభ నుంచి లేవొద్దు.

పట్టా ఆయనదే కావచ్చు. నీళ్లు, తోవ, ఖాళీ జాగా ఊరివి. ఆ ఊళ్లో మనమూ ఉన్నాం. నడుమ మన లొల్లి అందుకే.