ఆ బొంగరం నిలబడుతుందా?

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా కోచింగ్ సెంటర్ల బోర్డులు చదువుకుంటూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ పక్కనే బేగంపేట వైపు ఒకప్పుడు నిజామియా వేధశాల పనిచేసేది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ తెప్పించిన టెలిస్కోపుతో మొదలై, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆకాశపటం తయారుచేసే అంతర్జాతీయ పథకం కోసం ఇక్కడివాళ్లు ఫొటో ప్లేట్ల మీద లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు.

అది కనిపించే చుక్కల లెక్క. ఇప్పటి తగాదా కనిపించనివాటి గురించి. కృష్ణబిలం అనుకుంటున్నది నిజంగా కృష్ణబిలమేనా? 2015లో లైగో మొదటిసారి పట్టుకున్న గురుత్వ తరంగాలైనా, 2019లో పత్రికలన్నీ అచ్చేసిన ఎం87 నీడ ఫొటో అయినా చెప్పేది ఒకటే... అక్కడ విపరీతంగా కుదించుకుపోయిన బరువైన వస్తువుందని. దాటితే వెనక్కి రాలేని హద్దును మాత్రం నేరుగా చూపించవు. అందుకే కొందరు శాస్త్రవేత్తలు ఆ హద్దు లేకుండానే కృష్ణబిలాన్ని పోలిన వస్తువుల్ని కాగితం మీద కట్టారు. సత్యేంద్రనాథ్ బోస్ పేరిట పిలిచే కణాలతో ఊహించిన బోసాన్ తార వాటిలో ఒకటి.

ఊహించడం సులువే. బోనాలకు కుండ కొనేవాళ్లు వేలితో తట్టి చూసినట్టు, దీన్నీ తట్టి చూడాలి కదా! తిరగని కృష్ణబిలాన్ని అలా తట్టి చూసినవారు బెంగళూరుకు చెందిన సి.వి.విశ్వేశ్వర. కదిపితే కాసేపు మోగి మళ్లీ సర్దుకుంటుందని 1970లో ఆయన లెక్కలు చెప్పాయి.

చిక్కంతా గిర్రున తిరిగేవాటితోనే. అలాంటి వస్తువు చుట్టూ ఉన్న స్థలాన్నీ తనతో ఈడ్చుకుపోతుంది. బాగా దగ్గర్లో ఏదీ కదలకుండా నిలబడలేదు. అక్కడికొచ్చిన తరంగం ఆ తిరుగుడు నుంచే శక్తి అప్పు తీసుకుని, పెద్దదై బయటికి పోవచ్చు. బాకీ లోపలే ఉంటుంది. కృష్ణబిలమైతే ఆ బాకీని మింగేస్తుంది. హద్దు లేని వస్తువుకి మింగే నోరేదీ? చక్రవడ్డీలా అలజడి పెరుగుతూ పోతుంది. 1978లో జాన్ ఫ్రీడ్‌మన్ చూపించిన ప్రమాదం ఇదే. లోపల కాస్త పీల్చుకునే గుణముంటే గండం గడవచ్చని తర్వాతి లెక్కలు అంటున్నాయి.

2019లో యూరప్ పరిశోధకులు తిరిగే బోసాన్ తారల్ని కంప్యూటర్లో పరీక్షించారు. మామూలు రకం నిలవలేదు. ప్రోకా తార అనే మరో రకం నిలిచింది. 2021లో ఇంకో మలుపు... కణాలు ఒకదాన్నొకటి నెట్టుకునేలా ఉంటే నిలవని రకమూ నిలబడగలదట! నా మొగ్గు ఇప్పటికీ కృష్ణబిలం వైపే. అయినా ఇలాంటి పోటీదారులుంటేనే దానికీ పరీక్ష.

మోత ఆగాక వెనకే ప్రతిధ్వని వినిపిస్తే హద్దు లేదేమోనని అనుమానించాలి. అందరూ ఒప్పుకునే ప్రతిధ్వని ఇంతవరకూ దొరకలేదు. వినడానికి మన దేశంలోనూ ఒక చెవి సిద్ధం చేస్తున్నారు. లైగో-ఇండియాకు 2023లో కేంద్రం అనుమతి ఇచ్చింది. మహారాష్ట్రలో హింగోలి జిల్లా ఔంఢా దగ్గర కడతారు. ఒకప్పుడు అదీ నిజాం రాజ్యమే.